ఐదు టన్నుల రాళ్ల మీద నడిచే దేశం: బోట్స్వానా, బెల్జియం వజ్రాల లెక్క

ఈరోజు ఎపిసోడ్‌లో రెండు దేశాల మధ్య జరిగే వ్యాపారం గురించి మాట్లాడుకుందాం. ట్రేడ్ డేటా అనగానే స్కిప్ కొట్టకండి, ఇందులో మనూళ్ల పేర్లు కూడా వస్తాయి.

మామూలుగా ఏ రెండు దేశాల వాణిజ్యం షీటు ఓపెన్ చేసినా వందల లైన్లు ఉంటాయి. బియ్యం, మందులు, మెషీన్లు, బట్టలు, బోల్టులు, ఇలా. బోట్స్వానా నుంచి బెల్జియంకి వెళ్లే సరుకుల షీటు తీస్తే మాత్రం దాదాపు డబ్బంతా ఒక్క లైన్‌లోనే కనిపిస్తుంది. కోడ్ 7102. కస్టమ్స్ వాళ్ల లెక్కలో అది వజ్రాలు. మిగతా లైన్లన్నీ కలిపినా చిల్లర కిందికే వస్తాయి.

మన ఐటీ వాళ్లు ఇలాంటి డిజైన్ చూస్తే ముందు అడిగేది ఒకటే. బ్యాకప్ ఏది? ఇది డౌన్ అయితే ఏమవుతుంది?

2025 ఆగస్టు 25న ఏమైందో చెప్తాను. బోట్స్వానా అధ్యక్షుడు డూమా బోకో టీవీలోకి వచ్చి దేశంలో పబ్లిక్ హెల్త్ ఎమర్జెన్సీ ప్రకటించారు. కొత్త వైరస్ ఏదీ రాలేదు. ప్రభుత్వాసుపత్రుల్లో మందులు అయిపోయాయి, అంతే. బీపీ మందులు, షుగర్ మందులు, క్యాన్సర్ మందులు, చివరికి గాయానికి కుట్లు వేసే సామాను కూడా. 25 కోట్ల పులాలు అత్యవసరంగా కేటాయించి, మందుల సరఫరా చూడమని సైన్యాన్ని దింపారు. పులా అంటే వాళ్ల కరెన్సీ. వాళ్ల సెట్స్వానా భాషలో ఆ మాటకి అర్థం వాన. వాన అంత విలువైన ఎడారి దేశం కాబట్టి డబ్బుకి ఆ పేరు పెట్టుకున్నారు.

మందుల కొనుగోళ్లలో చేతకానితనం కూడా ఉందని వాళ్లే ఒప్పుకున్నారు, బయటి నుంచి వచ్చే సాయం కూడా తగ్గింది. కానీ ఖజానా ఖాళీ అవడానికి పెద్ద కారణం ఆ 7102 లైనే. అమెరికాలో, చైనాలో పెళ్లి ఉంగరాలు కొనేవాళ్లు తగ్గారు. దాంతో గాబరోన్ ఆసుపత్రిలో బీపీ మాత్ర దొరకలేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న వైరింగ్ ఎలా ఉందో విప్పి చూద్దాం.

ముందు సైజులు. స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. బోట్స్వానా సౌతాఫ్రికాకి సరిగ్గా పైన, సముద్రం లేని దేశం. విస్తీర్ణంలో మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువ. జనాభా మాత్రం 25 లక్షలు. హైదరాబాద్‌లో నాలుగో వంతు కూడా ఉండరు. మిగిలినదంతా కలహారి ఇసుక. ఇటు బెల్జియం చూస్తే రాయలసీమలో సగం కంటే చిన్నది, కోటీ పదిహేడు లక్షల మందికి పైగా జనం, యూరప్‌లో బాగా డబ్బున్న దేశాల్లో ఒకటి. బెల్జియంలో వజ్రాల గని ఒక్కటి కూడా లేదు. అయినా ఆంట్వెర్ప్ రైల్వే స్టేషన్ పక్కన రెండు మూడు వీధుల్లోంచి ఒకప్పుడు ప్రపంచంలో తవ్విన ముడి వజ్రాల్లో నూటికి ఎనభై దాకా వెళ్లేవి.

గని లేని ఊరికి ఇంత వ్యాపారం ఎలా వచ్చింది? ఇక్కడే మన కథ.

1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలంటే దాదాపుగా మన దేశమే. అందులోనూ కృష్ణా ఒడ్డు. పల్నాడులో కొల్లూరు గని ఉండేది, కోహినూరు అక్కడిదే అంటారు. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచ్ నగల వ్యాపారి వచ్చి చూసి, అక్కడ 60,000 మంది పని చేస్తున్నారని రాసుకున్నాడు. ఇప్పుడు ఆ కొల్లూరు పులిచింతల రిజర్వాయర్ నీళ్లలో ఉంది. కొల్లూరులో తవ్విన రాయికి పేరు మాత్రం గోల్కొండది. ఎందుకంటే అమ్మకం జరిగేది గోల్కొండలో. చూశారా, అప్పుడు కూడా తవ్విన ఊరి పేరు పోయి అమ్మిన ఊరి పేరే మిగిలింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, ఈ ఎపిసోడ్ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

1498లో పోర్చుగీసు వాళ్లు సముద్రం దారి కనుక్కున్నాక మన రాళ్లు గోవా మీదుగా లిస్బన్‌కి, లిస్బన్ నుంచి ఆంట్వెర్ప్‌కి వెళ్లడం మొదలైంది. ఆంట్వెర్ప్‌లో కొనేవాళ్లు ఉన్నారు, అప్పిచ్చేవాళ్లు ఉన్నారు, సాన పట్టేవాళ్లు ఉన్నారు. నకిలీ రాళ్లు అమ్మకూడదని 1447లోనే ఆ ఊళ్లో ఒక ఆర్డర్ ఉంది. ఆ తర్వాత యుద్ధాలొచ్చాయి, వ్యాపారులు ఆమ్‌స్టర్‌డామ్‌కి పోయారు, మళ్లీ వచ్చారు. 20వ శతాబ్దంలో బెల్జియం వలసగా ఉన్న కాంగోలో వజ్రాలు దొరకడంతో ఆంట్వెర్ప్‌కి మళ్లీ దశ తిరిగింది. మొదట్లో యూదు వ్యాపారులు, 1960ల తర్వాత గుజరాత్‌లోని పాలన్‌పూర్ నుంచి వెళ్లిన జైన కుటుంబాలు. ఇప్పుడు ఆ వీధుల్లో గుజరాతీ మామూలుగా వినిపిస్తుంది.

సింపుల్‌గా చెప్పాలంటే ఆంట్వెర్ప్ వజ్రాలకి గుంటూరు మిర్చి యార్డు లాంటిది. గుంటూరు యార్డులో మిరపకాయ పండదు. రైతు ఎక్కడెక్కడి నుంచో తెస్తాడు. కానీ కొనేవాడు అక్కడుంటాడు, కమీషన్ ఏజెంటు అక్కడుంటాడు, కోల్డ్ స్టోరేజీ అక్కడుంటుంది, ఎగుమతిదారుడు అక్కడుంటాడు, అందుకని రేటు అక్కడ తెగుతుంది.

సరే, ఇప్పుడు బోట్స్వానాకి వద్దాం. 1966 సెప్టెంబర్ 30న బ్రిటిష్ వాళ్ల నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటికి తలసరి ఆదాయం ఏడాదికి వంద డాలర్ల లోపు. తారు రోడ్డు మొత్తం దేశంలో పన్నెండు కిలోమీటర్లు అని చెబుతారు. అంతకంటే విచిత్రం, స్వాతంత్ర్యానికి ముందు ఆ దేశ పరిపాలన ఆఫీసు ఆ దేశంలోనే లేదు, సరిహద్దు అవతల సౌతాఫ్రికాలోని మాఫెకింగ్‌లో ఉండేది. అందుకని గాబరోన్‌ని కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది.

మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా. ఈయన బంగ్వాటో అనే పెద్ద తెగకి రాజవంశపు వారసుడు. ఇంగ్లండ్‌లో చదువుకుంటూ రూత్ విలియమ్స్ అనే తెల్లమ్మాయిని పెళ్లి చేసుకున్నందుకు బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని సొంత దేశానికి రానివ్వకుండా కొన్నేళ్లు బయటే ఉంచింది. ఆ లవ్ స్టోరీకి వేరే ఎపిసోడ్ కావాలి. మనకి కావాల్సింది 1967. ఆ ఏడాది రెండు జరిగాయి. ఒకటి, భూమి కింద ఉన్న ఖనిజాలన్నీ తెగలవి కావు, దేశానివి అని చట్టం చేశారు. రెండు, ఒరాపా అనే చోట డి బీర్స్ జియాలజిస్టులకి వజ్రాలు దొరికాయి. ఆ ఒరాపా ఎక్కడుంది? బంగ్వాటోల ప్రాంతంలో. అంటే ఖామా సొంత తెగ నేల. ఆయన పాత పద్ధతే ఉంచి ఉంటే ఆ సంపదంతా ఆయన మనుషులకే పోయేది. ఆయన అది దేశం పేరు మీద రాయించారు. ఆఫ్రికాలో వజ్రాలు దొరికిన చాలా చోట్ల ఏం జరిగిందో సియెర్రా లియోన్, అంగోలా యుద్ధాల వల్ల మనకి తెలుసు. బోట్స్వానాలో తుపాకీ పేలకపోవడానికి ఆ ఒక్క చట్టం చాలావరకు కారణమని నా అభిప్రాయం.

ఒరాపా గని 1971లో మొదలైంది. 1982లో జ్వానెంగ్. విలువ పరంగా ప్రపంచంలోనే అతి గొప్ప వజ్రాల గనుల్లో ఇదొకటి. జ్వానెంగ్ అంటే చిన్న రాళ్లుండే చోటు అని అర్థం. పైన మందంగా ఇసుక ఉంటే కింద వజ్రం ఉందని ఎలా తెలిసిందంటే, చెదపురుగుల వల్ల అంటారు. తడి కోసం చెదలు లోతుకి వెళ్లి, పుట్ట కట్టేటప్పుడు కింది మట్టిని పైకి తెస్తాయి. ఆ మట్టిలో వజ్రాలతో పాటు ఉండే ఖనిజాల రవ్వలు దొరికాయి. ప్రపంచంలో అతి చవకైన డ్రిల్లింగ్ మెషీన్ అన్నమాట.

ఈ గనుల్ని నడిపే కంపెనీ డెబ్‌స్వానా. సగం డి బీర్స్‌ది, సగం బోట్స్వానా ప్రభుత్వానిది. మొదట ప్రభుత్వానికి 15 శాతమే ఇచ్చారు. జ్వానెంగ్ ఎంత పెద్దదో తెలిశాక గట్టిగా బేరమాడి 50 చేసుకున్నారు. అది కాక పన్నులు, రాయల్టీ, డివిడెండ్ అన్నీ కలిపితే డెబ్‌స్వానా లాభంలో రూపాయికి 80 పైసల దాకా ప్రభుత్వానికే వస్తుందని లెక్క. పైగా డి బీర్స్ గ్రూపులోనే ప్రభుత్వానికి 15 శాతం వాటా ఉంది, మిగతా 85 శాతం ఆంగ్లో అమెరికన్‌ది.

కాబట్టి "తెల్లవాళ్లు వచ్చి దోచుకుపోయారు" అనే వాట్సాప్ వెర్షన్ ఇక్కడ సరిగ్గా అతకదు. గని దగ్గర బోట్స్వానా బాగానే బేరమాడింది. ఆ డబ్బుతో రోడ్లేసింది, స్కూళ్లు కట్టింది, వైద్యం దాదాపు ఉచితంగా ఇచ్చింది. హెచ్ఐవీ దేశాన్ని తినేస్తున్న టైమ్‌లో, 2002లో, ప్రభుత్వ ఖర్చుతో అందరికీ మందులు ఇవ్వడం మొదలుపెట్టిన మొదటి ఆఫ్రికా దేశం ఇదే. ఆ మందుల వెనక ఉన్నది జ్వానెంగ్ రాళ్లే.

మరి చిక్కెక్కడ? గని దాటాక.

ఒక చిన్న లెక్క చేద్దాం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 2023లో డెబ్‌స్వానా తవ్వింది దాదాపు 2.5 కోట్ల క్యారెట్లు. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. గుణిస్తే 5,000 కిలోలు. ఐదు టన్నులు. ఒక దేశం ఏడాది సంపాదనలో ముఖ్యభాగం ఒక్క లారీలో పడుతుంది. దేశం ఎగుమతుల్లో నూటికి 80, ప్రభుత్వ ఆదాయంలో మూడో వంతు, అంతా ఆ లారీలోనే. అందుకే సముద్రం లేదన్న బాధ వీళ్లకి తెలియలేదు. వజ్రాలకి రేవు అక్కర్లేదు, సీటు బెల్టు పెడితే చాలు.

ఇప్పుడు ఆ ఐదు టన్నుల్ని అమ్మే పద్ధతి చూడండి. రాళ్లని సైజు, ఆకారం, రంగు, లోపల మచ్చలు చూసి వేల రకాలుగా విడదీస్తారు. ఏడాదికి పదిసార్లు 'సైట్' అనే అమ్మకం పెడతారు. డి బీర్స్ ఎంచుకున్న కొన్ని పదుల మంది పెద్ద కొనుగోలుదార్లు మాత్రమే వస్తారు. వాళ్ల పేరు సైట్‌హోల్డర్లు. ఒక్కొక్కరికి ఒక పెట్టె, దాని మీద ఒక రేటు. బేరాలు దాదాపు ఉండవు. తీసుకో, లేదా వదిలెయ్. ఎక్కువసార్లు వదిలేస్తే తర్వాతి కాంట్రాక్టులో నీ పేరు ఉంటుందో లేదో చెప్పలేం. సబ్‌స్క్రిప్షన్ ప్లాన్ లాంటిదే, కాకపోతే నెలకి కోట్లలో బిల్లు.

ఈ సైట్లు దశాబ్దాల పాటు లండన్‌లో జరిగేవి. బోట్స్వానా రాయి లండన్ వెళ్లి, వేరే దేశాల రాళ్లతో కలిసి, అక్కడి నుంచి ఆంట్వెర్ప్‌కో ముంబైకో పోయేది. "మా రాయిని మా ఊళ్లోనే అమ్మండి" అని బోట్స్వానా పట్టుబట్టి 2011లో ఒప్పందం చేసుకుంది. 2013 చివరికి సైట్లు గాబరోన్‌కి వచ్చేశాయి. గని దేశానికి యార్డు రావడం మామూలు విషయం కాదు, కొల్లూరుకి గోల్కొండ నడిచి వచ్చినట్టు.

డేటా చూసేవాళ్లకి ఇక్కడ ఒక ట్రాప్ ఉంది. 2012 లెక్కల్లో బోట్స్వానాకి పెద్ద కస్టమర్ బ్రిటన్. ఆ తర్వాత చూస్తే బ్రిటన్ ఢామ్మని పడిపోయింది, బెల్జియం, ఇండియా, యూఏఈ పైకొచ్చాయి. బ్రిటన్‌తో గొడవ ఏమీ జరగలేదు. డి బీర్స్ ఆఫీసు మారింది, అంతే. ఇంకోటి, కెనడా, నమీబియా, సౌతాఫ్రికా రాళ్లని కూడా కలిపి అమ్మడానికి గాబరోన్ తెస్తారు కాబట్టి వజ్రాల దేశం దిగుమతుల్లో కూడా వజ్రాలు కనిపిస్తాయి. జ్వానెంగ్‌లో పుట్టిన రాయి గాబరోన్ నుంచి ఆంట్వెర్ప్ వెళ్తే ఒకసారి లెక్క, ఆంట్వెర్ప్ నుంచి ముంబైకి ఇంకోసారి, సూరత్‌లో సాన పట్టాక న్యూయార్క్‌కి మరోసారి. ఒకే రాయి నాలుగైదు దేశాల ట్రేడ్ షీట్లలో కూర్చుంటుంది. అందుకే "రెండు దేశాల మధ్య ఇన్ని కోట్ల డాలర్ల వ్యాపారం" అనే హెడ్‌లైన్ చూసి ఆ దేశం అంత సంపాదించింది అనుకోకూడదు. అది డేటాబేస్‌లో డూప్లికేట్ రికార్డుల్ని కూడా కౌంట్ చేసినట్టు ఉంటుంది.

మరి అసలు డబ్బు ఎక్కడ పెరుగుతుంది? మంచి సంవత్సరాల్లో ప్రపంచంలో తవ్విన ముడి వజ్రాల విలువ మొత్తం 1,500 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. అవే నగలై షాపు అద్దాల వెనక్కి చేరేసరికి 8,000 కోట్ల డాలర్ల దాకా పోతుంది. అందులో బంగారం, షాపు అద్దె, యాడ్స్ అన్నీ ఉన్నాయి, నిజమే. కానీ ఆ తేడా అంతా పంచుకునేది మధ్యలో, చివర్లో ఉన్నవాళ్లు. బోట్స్వానా ఉన్నది మొదటి మెట్టు మీద.

అయితే సాన కూడా అక్కడే పట్టొచ్చు కదా? ప్రయత్నించారు. గాబరోన్‌లో కటింగ్ ఫ్యాక్టరీలు పెట్టినవాళ్లకే కొన్ని రాళ్లు ఇస్తామని రూల్ పెట్టారు. ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటిలో చాలావాటి వెనక ఉన్నది మన సూరత్, ముంబై కంపెనీలే. కానీ ఒక రాయికి సాన పట్టే ఖర్చు సూరత్‌లో అయ్యేదానికంటే అక్కడ చాలా ఎక్కువ. ప్రపంచంలో పది వజ్రాలు సాన పడితే తొమ్మిది సూరత్‌లోనే పడతాయి. లక్షల మంది పనివాళ్లు, తరాల నైపుణ్యం, పక్కసందులో మెషీన్ రిపేరు చేసేవాడు. ఆ ఇకోసిస్టమ్‌ని చట్టంతో తెచ్చుకోలేరు. అందుకని పెద్దవి, ఖరీదైనవి మాత్రం గాబరోన్‌లో కోస్తారు, చిన్నవి సూరత్‌కే.

ఇంకో ఆసక్తికరమైన ప్రయోగం జరిగింది. కరోవే గని, లుకారా అనే కెనడా కంపెనీది. పెద్ద రాళ్లకి ఫేమస్. 2015లో ఇక్కడ 1,109 క్యారెట్ల రాయి దొరికితే 'లెసెడి లా రోనా', అంటే మన వెలుగు అని పేరు పెట్టారు. అది 2017లో 5.3 కోట్ల డాలర్లకి పోయింది. 2024లో 2,400 క్యారెట్లు దాటిన రాయి దొరికింది, 1905 నాటి కలినన్ తర్వాత అంత పెద్దది లేదు. లుకారా 2020లో ఆంట్వెర్ప్‌లోని హెచ్‌బీ అనే సంస్థతో ఒక ఒప్పందం చేసుకుంది. ముడి రాయికి ముడి రేటు కట్టరు. స్కాన్ చేసి, దాన్ని కోస్తే ఎంత పాలిష్డ్ వజ్రం వస్తుందో లెక్కేసి, ఆ విలువని బట్టి చెల్లిస్తారు. మన రైతుకి పచ్చి మిరపకాయ రేటు కాకుండా కారం ప్యాకెట్ రేటుని బట్టి కట్టినట్టు. ముడి వజ్రంలో ఎప్పుడూ ఉండే ఆట ఇదే. లోపల ఏముందో కొనేవాడికి తెలిసినంత అమ్మేవాడికి తెలియదు. ఆంట్వెర్ప్ ఐదొందల ఏళ్లుగా అమ్ముకున్నది రాళ్లని అనుకుంటాం, నిజానికి ఆ చూపుని.

మన తుగ్గలి, జొన్నగిరి వైపు వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. తొలకరి పడగానే కర్నూలు, అనంతపురం చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు కదా. దొరికినవాడికి దాని అసలు విలువ తెలియదు, కొనే వ్యాపారికి తెలుసు. బేరం అక్కడే సగం అయిపోతుంది. బోట్స్వానా ప్రభుత్వానికి కనీసం సొంత వాల్యుయర్లు ఉన్నారు. 2012లో ఒకవాంగో డైమండ్ కంపెనీ అని సొంత సంస్థ పెట్టి, డెబ్‌స్వానా రాళ్లలో కొంత వాటా తీసుకుని వేలం వేసి చూసుకుంటోంది. అలా బయట మార్కెట్‌లో నిజంగా ఎంత పలుకుతుందో తెలుస్తుంది.

ఇప్పుడు 2024కి వద్దాం. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథ.

రష్యా యుక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. ప్రపంచంలో అతి పెద్ద వజ్రాల ఉత్పత్తిదారు రష్యా, రెండోది బోట్స్వానా. రష్యా రాళ్లు ఆపండి అని బెల్జియం మీద ఒత్తిడి. మేమాపితే అవి దుబాయ్ పోతాయి, మా ఊరు మునుగుతుంది అని బెల్జియం దాదాపు రెండేళ్లు నాన్చింది. చివరికి జీ7 దేశాలన్నీ కలిసి 2024 జనవరి నుంచి నిషేధం పెట్టాయి. మార్చి నుంచి ఒక క్యారెట్, ఆపైన రాళ్లు వేరే దేశం మీదుగా వచ్చినా సరే, రష్యావి కావని రుజువు కావాలి. ఆ రుజువు చూసే చోటు? ఆంట్వెర్ప్.

ఒక్కసారి బోట్స్వానా వైపు నుంచి ఆలోచించండి. రాయి నాది, నా గనిది, 2003 నుంచి ప్రతి ప్యాకెట్‌కి కింబర్లీ సర్టిఫికెట్ ఇస్తున్నాను. ఇప్పుడు అది నాదేనని చెప్పడానికి బెల్జియంలో క్యూలో నిలబడాలా? బోట్స్వానా, అంగోలా, నమీబియా కలిసి జీ7కి లేఖ రాశాయి. తమాషా ఏంటంటే ఆంట్వెర్ప్ వ్యాపారులే వంద కంపెనీలకి పైగా సంతకాలు పెట్టి "సరుకు ఆగిపోతోంది మహాప్రభో" అని వాళ్ల సొంత సంఘానికి మొరపెట్టుకున్నారు. యూరప్ వాళ్లు ట్రేసబిలిటీ డెడ్‌లైన్‌ని వాయిదా వేశారు. 2024 చివర్లో, బోట్స్వానాలోనే ఒక సర్టిఫికేషన్ కేంద్రం పెట్టడానికి జీ7 ఒప్పుకుంది. రష్యాని ఆపాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. గేటు ఎక్కడ పెట్టాలో నిర్ణయించిన గదిలో గని దేశాలు లేకపోవడమే నాకు నచ్చలేదు.

కానీ నిజమైన దెబ్బ గేటు దగ్గర తగల్లేదు, ల్యాబ్‌లో తగిలింది.

మీథేన్ గ్యాస్‌ని ఒక ఛాంబర్‌లో ప్లాస్మాగా మార్చి, సన్నటి వజ్రపు పలక మీద కార్బన్‌ని పొరలు పొరలుగా పేరిస్తే కొన్ని వారాల్లో వజ్రం తయారవుతుంది. గాజు ముక్క కాదండోయ్, రసాయనికంగా అసలు వజ్రమే. కంటితో తేడా చెప్పలేరు, మెషీన్ కావాలి. మొదట్లో ఇవీ ఖరీదే. తర్వాత ఇండియా, చైనాలో రియాక్టర్లు పెరిగాయి, ధర ప్రతి ఏడాదీ జారింది, ఇప్పుడు తవ్విన వజ్రంలో పదో వంతుకి, అంతకంటే తక్కువకి కూడా దొరుకుతుంది. మన కేంద్ర ప్రభుత్వం 2023 బడ్జెట్‌లో దీని పరిశోధనకి గ్రాంటు ఇచ్చింది. అదే ఏడాది మోదీ గారు జిల్ బైడెన్‌కి 7.5 క్యారెట్ల ల్యాబ్ వజ్రం బహుమతిగా ఇచ్చారు. అంటే బోట్స్వానా రాళ్లకి సాన పట్టేదీ సూరతే, వాటికి పోటీ తయారు చేసేదీ సూరతే.

దానికి చైనాలో పెళ్లిళ్లు తగ్గడం, అమెరికాలో ధరలు పెరగడం తోడైంది. 2024లో డెబ్‌స్వానా అమ్మకాలు దాదాపు సగానికి పడ్డాయి. తవ్వకం 2.5 కోట్ల క్యారెట్ల నుంచి 1.8 కోట్లకి తగ్గించారు, 2025కి 1.5 కోట్లే అని ప్లాన్ వేసుకున్నారు. దేశం జీడీపీ 2024లో 3 శాతం కుంచించుకుపోయింది. నిరుద్యోగం నలుగురిలో ఒకరిని దాటింది. 2024 అక్టోబర్ 30న ఎన్నికలు జరిగితే, 1966 నుంచి 58 ఏళ్లు ఏకధాటిగా ఏలిన ఖామా పార్టీకి మిగిలినవి నాలుగు సీట్లు. గొడవలేమీ లేకుండా పాత అధ్యక్షుడు మాసిసి ఓటమి ఒప్పుకుని తప్పుకున్నారు. అది మెచ్చుకోవాలి. కానీ కొత్తగా వచ్చిన బోకో చేతికి అందింది ఖాళీ పర్సు. ఆ తర్వాత ఆగస్టులో ఏమైందో మొదట్లో చెప్పాను.

"మరి వేరే సరుకు అమ్ముకోవచ్చు కదా బ్రో" అని కామెంట్ వస్తుందని తెలుసు. యూరప్ తలుపు మూసి లేదు. 2016 జూన్ 10న బోట్స్వానాలోని కసానే అనే ఊళ్లోనే యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సుంకం సున్నా, కోటా లేదు. తలుపు తీసి ఉన్నా తీసుకెళ్లడానికి సరుకుండాలిగా. గొడ్డుమాంసం ఉంది, ఎప్పటి నుంచో యూరప్‌కి పంపుతున్నారు. దానికోసం ఆవుల పొట్టలో మైక్రోచిప్ ఉన్న పింగాణీ బిళ్ల వేసి మరీ ట్రాక్ చేశారు, మన ఫాస్టాగ్ రాక చాలా ముందే. కానీ ఒకచోట గాలికుంటు వ్యాధి కనిపిస్తే చాలు, షిప్‌మెంట్ ఆగుతుంది. ఒకవాంగో డెల్టా టూరిజం ఉంది, రాగి ఉంది. ఇవేవీ ఆ ఐదు టన్నుల లారీకి సరితూగేవి కావు, ఇప్పట్లో.

ఈలోగా 2025 ఫిబ్రవరి 25న డి బీర్స్‌తో కొత్త ఒప్పందం సంతకమైంది. డెబ్‌స్వానా రాళ్లలో ప్రభుత్వ సంస్థ వాటా 25 నుంచి మొదట 30కి, ఐదేళ్ల తర్వాత 40కి పెరుగుతుంది. గనుల లైసెన్సులు 2054 దాకా. పదేళ్ల క్రితం ఇదే ఒప్పందం వచ్చుంటే పండగ చేసుకునేవాళ్లు. ఇప్పుడు అమ్ముడుపోని రాళ్లలో ఎక్కువ వాటా అంటే, స్టాకు మన గోడౌన్‌లో పెరగడమే.

అసలు మలుపు ఇంకోటి. ఆంగ్లో అమెరికన్ డి బీర్స్‌లో తన 85 శాతాన్ని వదిలించుకుంటానని 2024 మేలో ప్రకటించింది. పుస్తకాల్లో దాని విలువని తగ్గిస్తూ వస్తోంది కూడా. కంట్రోల్ మాకే కావాలి అని బోకో ప్రభుత్వం అంటోంది. అంగోలా కూడా రంగంలోకి దిగింది. బోట్స్వానా గెలిస్తే గని, సార్టింగ్, అమ్మకం, బ్రాండు అన్నీ ఒక్క చేతిలోకి వస్తాయి, 1967లో రాయి కనిపెట్టిన కంపెనీనే రాయి పుట్టిన దేశం కొన్నట్టవుతుంది. వినడానికి సినిమా క్లైమాక్స్‌లా ఉంది. కానీ ఆసుపత్రికి మందులు కొనలేక ఎమర్జెన్సీ పెట్టిన దేశం, ధర పడిపోతున్న సరుకు మీద అప్పు చేసి మరీ ఇంకా ఎక్కువ పందెం కాయాలా అన్నది నాకు మింగుడుపడట్లేదు. 'కొనాలి' అనేవాళ్ల వాదన కూడా బలంగానే ఉంది. ఎలాగూ గని మనదే, రాయి పడిపోతే కంపెనీ ఎవరిదైనా మునిగేది మనమే, అలాంటప్పుడు స్టీరింగ్ వేరేవాళ్ల చేతిలో ఎందుకు అంటారు.

మీరైతే కొంటారా, కొనరా? కింద రాయండి, కారణంతో సహా. ఆ అమ్మకం తేలిన వారం దీని మీద ఇంకో ఎపిసోడ్ చేస్తాను. ఉంటానండి.